పైన ఫైబరు, కింద ఇనుము

ఆ ఎర్ర కారు ఫొటో ఇప్పటికీ ఎవరో ఒకరు నా ఫోనుకి పంపిస్తూనే ఉంటారు. మన వైజాగ్ కుర్రాడు సొంతంగా తయారుచేసిన కారు అని కింద రాసి ఉంటుంది. కుర్రాడట. నాకన్నా పెద్దవాడు, తలకి రంగు వేసుకుంటాడు. బానెట్ మీద చెయ్యి వేసి నవ్వుతూ నిలబడి ఉంటాడు. ఆ కారు కింద వెల్లకిలా పడుకుని ఎన్ని ఆదివారాలు కళ్లల్లో ఇనప రజను పోసుకున్నానో నాకు తెలుసు, మా ఆవిడకి తెలుసు, ఆ నవ్వుతున్న మనిషికీ తెలుసు. ఫొటోలో మాత్రం నేను లేను.

ఆ మనిషి నాకు బావ. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు మగవాళ్లు కాస్త పరిచయం కుదిరితే చాలు, బావా అని పిలుచుకుంటారు. బస్సులో జరిగి చోటిచ్చినవాడూ బావే, టీ కొట్టువాడూ బావే. ఇతన్ని మాత్రం నేను నోటి అలవాటుగా పిలవలేదు. నాకు వరసకి బావలు ఉన్నారు, పండక్కి పబ్బానికి వస్తారు, పోతారు. వాళ్లని పిలిచినప్పుడు ఆ మాటలో అంత ఇష్టం ఎప్పుడూ పలకలేదు.

మా ఊరు పద్మనాభం. నాన్న వరి పండిస్తాడు. నేను రోజూ బస్సెక్కి సిటీకి పోయి, పోర్టుకి ఇనప పనులు చేసిపెట్టే ఒక షెడ్డులో వెల్డింగు చేసి సాయంత్రానికి తిరిగొస్తాను. బావది సముద్రం ఒడ్డు. వాళ్ల నాన్న, అన్నదమ్ములు ఇప్పటికీ వేటకి వెళ్తారు. ఇతనికి పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకని పడవలు నడపడం వదిలేసి పడవలు చేయడం నేర్చుకున్నాడు. అచ్చులో ఫైబరు పరిచి, రెజిన్ అనే జిగురు పూసి, ఆరాక ఊడదీస్తే నున్నగా పడవ బయటికొస్తుంది. అలాంటి ఒక పడవకి ఇంజను కూర్చోబెట్టే ఇనప చట్రం బిగించడానికి వెళ్లినప్పుడు మేమిద్దరం కలిశాం.

ఒకరోజు పని అయ్యాక ఒడ్డున కూర్చుని ఉంటే, బీచ్ రోడ్డు మీద ఎవరిదో పైకప్పు లేని కారు పోయింది. ఇద్దరే పట్టేది, నేలకి ఆనుకుని పోతున్నట్టుగా ఉంది. నేను నోరు తెరుచుకుని చూశాను. బావ తేలిగ్గా తీసిపారేశాడు.

"ఏటుంది బావా అందులో? పైన నా పని, కింద నీ పని. అంతే కదేటి."

అంతే. ఆ మాట పట్టుకుని మేం కారు చేయడానికి దిగాం.

మా ఇంటి పక్కన ధాన్యం బస్తాలు వేసుకునే రేకుల షెడ్డు ఉంది. నాన్నని బతిమాలి అందులో సగం తీసుకున్నాను. కాగితం మీద బొమ్మలు గీయడం మా ఇద్దరికీ రాదు. మా వెల్డింగు షాపులో పెద్ద పనులకి మేం చేసేదే ఇక్కడా చేశాను. సిమెంటు గచ్చు మీద సుద్దతో కారుని అసలు కొలతకే గీశాను. చక్రాలు ఇక్కడ, ఇంజను ఇక్కడ, కూర్చునేది ఇక్కడ. బావ ఆ గీతల మధ్య కాళ్లు చాపుకుని కూర్చుని, లేని స్టీరింగు తిప్పి, మోకాలు తగులుతోంది జరుపు అనేవాడు. మా ఆవిడ బియ్యం చాట పట్టుకుని కారు తలుపులో నుంచి నడిచి వెళ్లిపోయేది. ఒక శుక్రవారం అలవాటు కొద్దీ గచ్చు కడిగేసింది, ముందు చక్రాలు రెండూ కొట్టుకుపోయాయి. నేను పనిలో ఉండగా బావ వచ్చి వాటిని మళ్లీ గీశాడు. గీసేటప్పుడు, కారు ముక్కు అందంగా వస్తుందని నాలుగు వేళ్లు ముందుకి జరిపాడు. నాకు చెప్పలేదు. చదరపు పైపులు కోసి కింది చట్రం, అదే చాసీ, అంతా అతికాక గాని అది బయటపడలేదు. ఇంజను కూర్చోదు, స్టీరింగు కడ్డీ అందదు. మొత్తం కోసి మళ్లీ అతికాను. కోసి అతికిన ఇనుము మీద ఆ గుర్తు ఉంటుంది, ఎంత గ్రైండింగు చేసినా తెలిసినవాడి వేలికి తగులుతుంది. ఈ సంగతి ఆ కారు మీద తర్వాత వచ్చిన ఏ వీడియోలోనూ లేదు.

ఇంజను యాక్సిడెంటయిన ఒక పాత కారుది. కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కుకుని మరీ స్టార్టు చేశాం. బావ ప్రతి ఆదివారం పొద్దున్నే రెజిన్ డబ్బాలు సంచిలో దాచుకుని మద్దిలపాలెంలో మా ఊరి బస్సెక్కేవాడు. వాసనకి పక్కవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లట. కండక్టరు అడిగితే గుడికి రంగు వేయడానికి తీసుకెళ్తున్నానని చెప్పేవాడు. మధ్యాహ్నం మా ఇంట్లో మాతోపాటే తినేవాడు. వచ్చేటప్పుడు చేపలు తెచ్చేవాడు, అవి రెజిన్ సంచిలో కాకుండా వేరే సంచిలో తెమ్మని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో.

బాడీ బిగించిన రోజు నిజంగా కళ్లు చెదిరాయి. ఆ మాట దాచను. ఒక్క అతుకు కనిపించదు, ఎక్కడా గరుకు లేదు. బయట పెట్టి చూసుకుని మురిసిపోయాం. ఆ సాయంత్రమే వాన పడింది. పైకప్పు లేదు కదా, రేకుల కిందికి తోయబోతే చక్రాలు బురదలో దిగబడి కదల్లేదు. వెలిశాక వెళ్లి చూస్తే లోపల సీట్ల ఎత్తున నీళ్లు. ఒక్క బొట్టు బయటికి కారలేదు. బావ తన జన్మలో అడుగున కన్నం ఉన్న వస్తువు చేయలేదు. నీళ్లు లోపలికి రాకుండా చూసుకోవడమే అతని విద్య. వచ్చిన నీళ్లు బయటికి పోవాలన్న ఆలోచనే రాలేదు. నేను నవ్వాపుకోలేక గచ్చు మీద కూర్చుండిపోయాను. డ్రిల్లు మిషను తెచ్చి అడుగున కన్నాలు పెడతానంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అడుగున కన్నమెట్టినోడు బతికి బట్టకడతాడేటి బావా? నా సేత్తో నాను పెట్టలేను. నువ్వే పెట్టు, నాను సూడను."

నిజంగానే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను కన్నాలు పెట్టాను, నీళ్లు బయటికి పోయాయి. ఆ కథ నేను కనపడిన ప్రతివాడికీ చెప్పాను. షాపులో చెప్పాను, బస్సులో చెప్పాను, బావ ఇంటికి పోయి వాళ్ల నాన్నకి కూడా చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వే సంగతే కదా మరి.

కారు నడిచింది. మా పొలాల మధ్య మట్టిరోడ్డు మీద ఇద్దరం తోలుకుంటూ పోతుంటే కళ్లాల్లో ఉన్నవాళ్లు పని ఆపి చూశారు. ఇక నెంబరు తీసుకుని బీచ్ రోడ్డెక్కడమే మిగిలింది. అది కనుక్కుందామని రవాణా ఆఫీసుకి వెళ్తే, అక్కడి పెద్దమనిషి ఓపిగ్గా విని, ఏ కంపెనీ బండి అని అడిగాడు. మేమే చేశామని చెప్పాం. అచ్చంగా మీరే చేసిన బండి రోడ్డెక్కించడానికి ఒప్పుకోరయ్యా, మీ దొడ్లో తిప్పుకోండి అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్న మాట చెప్పాడు. ద్వారకా నగర్ దాకా నడిచొచ్చి ఒక టీ కొట్టు బెంచీ మీద కూలబడ్డాం. నాకు ఏడుపొచ్చినంత పనయింది. బావే నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నెంబరు రాపోతే పోనీ బావా. మనిద్దరం సేసినామని నలుగురూ అనుకుంటే సాలదేటి."

చాలనే అనుకున్నాను. ఆ తర్వాత ఆ కారు నుంచి నేను కోరుకున్నది అదొక్కటే. రోడ్డు లేదు, బీచ్ లేదు. ఇద్దరు కలిసి చేశారన్న మాట ఒకటి ఉంటే చాలు.

ఆ మాట వినే రోజు వచ్చిందనుకున్నాను. సిటీలో ఒక కాలేజీ వాళ్లు మైదానంలో రకరకాల బండ్లు ప్రదర్శనకి పెట్టి మమ్మల్నీ రమ్మన్నారు. ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్లాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. జనం మూగారు. ఎర్రటి బాడీని చేత్తో తడిమి చూస్తున్నారు. వంగి కింద చూసినవాడు ఒక్కడూ లేడు. చాసీని ఎవరు చూస్తారు? అయినా ఊరుకున్నాను. నలుగుర్నీ నవ్విద్దామని వాననీళ్ల కథ చెప్పాను. పడవలవాడు కారు చేస్తే ఇంతే మరి, వానొస్తే చేపలు పట్టుకోవచ్చు అన్నాను. బాగా నవ్వారు. బావ కూడా నవ్వాడు.

తర్వాత ఫోనుకి మైకు తగిలించుకుని వీడియోలు తీసే ఒకతను వచ్చాడు. ఈ కారు ఎవరు చేశారని అడిగాడు. నేను బావ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను.

"నేనేనండి. డిజైనంతా నాదే," అన్నాడు బావ.

పరిచయమైన దగ్గర్నుంచీ ఆ నోట నాను తప్ప నేను అన్న మాట వినలేదు. మైకు ముందు మనిషే మారిపోయాడు. వీడియో అతను నా వైపు చూపించి, మరి వీరెవరని అడిగాడు.

"ఈయనా? ఈయన వెల్డింగు పనిలో సాయం చేశారండి."

చేశారు అన్నాడు. ఏరా అన్నా పడేవాణ్ణి. వెధవా అన్నా నవ్వేవాణ్ణి, అంత చనువు ఉంది మా మధ్య. ఇంత గౌరవం ఇచ్చి నన్ను కూలికొచ్చినవాణ్ణి చేసేశాడు. ఎవరి ఇంట్లోనో గేటు అతికించుకున్నాక, పంపించేటప్పుడు మాట్లాడే మాట అది. నాకు ఒళ్లు మండిపోయింది. అంతమందిలో కాలరు పట్టుకుని అడగాల్సింది. అడగలేదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, మద్దిలపాలెం వచ్చి బస్సెక్కేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి జరిగింది చెప్పాను. అంతా విని, ఆ వాననీళ్ల కథ అక్కడ కూడా చెప్పారా అని అడిగింది. చెప్పానన్నాను. లేచి అన్నం వడ్డించింది. ఆ కథకీ దీనికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అడిగితే చెప్పదు.

కారు మా షెడ్డుకి తిరిగి రాలేదు. బావ తన పడవల దగ్గరే ఒడ్డున పెట్టుకున్నాడు. జనం వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారని విన్నాను. మా గచ్చు మీద సుద్ద గీతలు కొన్నాళ్లు ఉన్నాయి. నాన్న వాటి మీద మళ్లీ బస్తాలు వేశాడు.

మొన్న వానాకాలం పోయాక ఒక మధ్యాహ్నం బావ మా గేటు తీసుకుని వచ్చాడు. చేతిలో చేపల సంచి ఉంది. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను.

"బావా, ఉప్పుగాలికి కింద సాసీ తుప్పట్టేత్తంది. ఇనప పని నాకేటి తెలుస్తాది? ఓపాలి వచ్చి సూడు బావా."

పైన ఫైబరుకి తుప్పు పట్టదు. అది ఎన్నేళ్లయినా ఎర్రగా నవ్వుతూనే ఉంటుంది. నాది ఇనుము, ఒడ్డున పెడితే తినేస్తుంది. మొదట్లోనే అడిగి ఉంటే మందంగా రంగు కొట్టి ఇచ్చేవాణ్ణి. నాకు లోపల్నుంచి కసి తన్నుకొచ్చింది. దాంతోపాటు, అతను బావా అన్నందుకు లేచి ఎదురెళ్దామని కూడా అనిపించింది. కసే ముందు నోట్లోకి వచ్చింది.

"కూర్చోండి," అన్నాను. "వెల్డింగులో సాయం చేసేవాళ్లు మీకు అక్కడే దొరుకుతారు కదండీ."

అతను కూర్చోలేదు. మా ఆవిడ మంచినీళ్లు తెస్తే తాగి, గ్లాసు అరుగు మీద పెట్టాడు. చేపల సంచి ఆమె చేతికిచ్చాడు. ఈసారి రెజిన్ వాసన లేదు. మెట్లు దిగుతుంటే నేను అతని వీపు వైపే చూస్తున్నాను. ఇంకొక్కసారి బావా అంటే లేచేవాణ్ణి. మిషను, కడ్డీలు సర్దుకుని అదే బస్సుకి అతనితో వెళ్లిపోయేవాణ్ణి. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఎల్లొత్తానండి," అన్నాడు.