రోజుకు రెండు డబ్బీలు

ఊరందరినీ పైకీ కిందికీ తిప్పే లిఫ్టు మెకానిక్కు కాపురముండేది లిఫ్టు లేని మేడలో, మూడో అంతస్తులో. అందరూ ఆయన్ని లిఫ్టాయన అనేవారు. భార్య పోయాక ఆ మెట్లెక్కి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. తప్పు వాళ్లదని నేననను. ఏమడిగినా "ఊఁ" అని ఊరుకునే మనిషి దగ్గర ఎవరు మాత్రం ఎంతసేపు కూర్చుంటారు?

అన్నయ్యకు కాఫీ కలుపుకోవడం కూడా చేతకాదని చెల్లెలు ఒక కాఫీ మిషను తెచ్చి పెట్టింది. ఒక్క కప్పుకు సరిపడా పొడి నింపి, పైన రేకు అతికించిన బుల్లి ప్లాస్టిక్ డబ్బీ అందులో పెట్టి మీట నొక్కితే చాలు. మిషనుంది, డబ్బీలున్నాయి, అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. వచ్చిన కాఫీ గిన్నెలు కడిగిన నీళ్లలా ఉంది. భార్య పెట్టిన కాఫీ తాగితే ఆ రుచి మధ్యాహ్నం దాకా నాలుకను వదిలేది కాదు.

మోటార్లు విప్పిన చెయ్యి ఊరుకోదు కదా. పెద్ద కప్పు మీట మానేసి చిన్న కప్పు మీట నొక్కాడు. ముందు ఉత్త వేణ్ణీళ్లు పట్టి మిషన్ని వేడెక్కించాడు. ఒకే డబ్బీ మీద రెండోసారి నీళ్లు పోనిస్తే చేదు వచ్చింది గానీ చిక్కదనం రాలేదు. పిండి కొద్దీ రొట్టె, పొడి కొద్దీ కాఫీ. చివరికి చిన్న మీట మీద రెండు డబ్బీలు ఒకే కప్పులోకి దించాడు. అప్పటికి భార్య కాఫీకి కాస్త దగ్గరగా వచ్చింది.

ఇక చెత్త సంగతి. తడిచెత్తా ప్లాస్టిక్కూ కలిపేస్తే చెత్తబండి ఆమె ముట్టుకోదు. అందుకని సాయంత్రం పని నుంచి రాగానే కూర్చుని, రేకు చింపి, పిప్పి చెంచాతో తోడి, డబ్బీలు కడిగి కిటికీలో ఆరబెట్టేవాడు. గుక్కెడు కాఫీకి ఇంత చాకిరీయా అని మీరడగొచ్చు. ఆ ఇంట్లో ఆయనకు మరో పనేముంది?

చెత్తబండి ఆమె ఆ వీధికి కొత్త. రోజూ రెండేసి డబ్బీలు చూసి, ఒకనాడు పొద్దున అడిగింది.

"ఇంట్లో మీరూ అమ్మగారూనా సార్? అమ్మగారు బాగున్నారా?"

లేదని చెప్పడానికే నోరు తెరిచాడు. "బాగుందమ్మా" అన్నాడు.

మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి వెళ్లాడు. భయం కాదు, సంతోషం. లోకంలో ఒక్క మనిషి లెక్కలోనైనా భార్య ఇంకా బతికి ఉంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మర్నాటి నుంచి అతికించడం మొదలుపెట్టాడు. మోకాలు నొప్పంటోంది అని ఒకరోజు, ఇంకా నిద్ర లేవలేదని ఒకరోజు, కర్టెన్లు ఉతుకుతోందని ఇంకోరోజు. లిఫ్టు గుంతలో ఒంటరిగా బోల్టులు బిగిస్తూ, రేపు ఆమె చేత ఏం చేయించాలా అని ఆలోచించేవాడు.

ఒక సాయంత్రం చెల్లెలు వచ్చి, కిటికీలో డబ్బీలు చూసి నెత్తి కొట్టుకుంది. సంచిలోంచి ఒక స్టీలు డబ్బీ తీసింది. కావలసినంత పొడి మనమే కూరి, కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చట.

"ఇక పారేసేదేమీ ఉండదన్నయ్యా. వదినుంటే ఇంత దుబారా చెయ్యనిచ్చేదా?" అంది. ఆరుతున్న రెండు డబ్బీలూ ఇవే ఆఖరివంటూ తనే సంచిలో వేసుకుపోయింది.

పొద్దున స్టీలు డబ్బీలో పొడి గట్టిగా అదిమి మీట నొక్కాడు. మొదటి గుక్కకే కళ్లు మూసుకున్నాడు. అచ్చం భార్య కాఫీయే. అంతలో కింద బండి గంట మోగింది. చెత్తబుట్టలో డబ్బీలు లేవు.

గబగబా అలమర తెరిచి, మిగిలి ఉన్న కొత్త డబ్బీలు రెండు తీసి, ఒకదాని తర్వాత ఒకటి మిషన్లో పెట్టాడు. వచ్చిన కాఫీ వచ్చినట్టే సింకులో పారబోశాడు. నల్లగా తిరుగుతూ పోతున్న కాఫీ చూసి ఆయన చెయ్యి ఆగిపోయింది. పాలగిన్నె అడుగున మిగిలిన తడిని కూడా తొలిపి కాఫీలో కలిపే మనిషి ఆమె. ఆమె ఉందని చెప్పుకోవడానికి ఆమె చూస్తే సహించని పని చేస్తున్నాడు.

పిప్పి తియ్యని డబ్బీలతోనే కిందికి దిగాడు. అమ్మగారు బాగున్నారా అని చెత్తబండి ఆమె ఎప్పటిలాగే అడిగింది.

"లేదమ్మా. నువ్వీ వీధికి రాకముందే పోయింది."

ఆమె డబ్బీలు చేతిలోకి తీసుకుంది. రేకులు తనే చింపి, పిప్పి దులిపి, బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. ఇక ఆ పలకరింపు కూడా పోయిందనుకుంటూ ఆయన మెట్లెక్కాడు.

మర్నాడు గంట మోగాక చాలాసేపటికి గానీ దిగలేదు. బండి ఇంకా అక్కడే ఉంది. ఆమె బుట్ట అందుకుని, లోపలికి చూసి, ఆయన ముఖంలోకి చూసింది.

"మీరు బాగున్నారా సార్?"

భార్య గురించైతే రోజుకో జవాబు సిద్ధంగా ఉండేది. తన గురించి ఒక్కటీ లేదు.

"బాగాలేదమ్మా" అన్నాడు.

ఆమె బండిని గోడ పక్కకు లాగి నిలబెట్టింది.