ముందు అరిచి వెయ్యాలి

సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్ అనే పేటలో నేను అద్దెకున్న గది ఒక చైనీస్ అంకుల్ ఫ్లాట్‌లోది. ఆంటీ రోజంతా కింద స్నేహితులతో మా-జాంగ్ పలకలాట ఆడుకునేది. అంకుల్‌కి మాత్రం రెండే లోకాలు. అట్టలు ఊడిపోయిన కత్తియుద్ధాల నవలలు ఒకటి, పుచ్చగింజలు ఒకటి.

కంప్యూటర్ పని తెలిస్తే చాలు, చెయ్యి పట్టుకుని లాక్కుపోయే రోజులవి. నేనూ అలాగే వచ్చి సైన్స్ పార్క్‌లో ఒక కంపెనీలో పడ్డాను. ఆదివారం మధ్యాహ్నాలు అంకుల్ తన నవలల్లోంచి కథలు చెప్పేవాడు. నాకు వాటిలో వీరులకన్నా వాళ్ళు దాచుకునే ఆయుధాలు నచ్చేవి. చొక్కా చేతిలో స్ప్రింగుతో బిగించిన చిన్న బాణం, నడుంపట్టీలో వేలెడంత కత్తులు, విషం పూసిన సూదులు, ఏదీ లేకపోతే జేబులో చిల్లర నాణెం. కత్తి దూసేవాడు ఎదురుగా కనిపిస్తాడు. ఈ విసిరేవాడు నీ పక్కనే కూర్చుని టీ తాగుతుంటాడు.

అయితే దానికో పద్ధతి ఉందిట. పరువున్న మనిషి విసిరేముందు "ఖాన్ ప్యావ్!" అని అరవాలి. ఇదిగో వేస్తున్నా, చూసుకో అని.

నేను పకపకా నవ్వాను. "చెప్పి విసిరే భాగ్యానికి దాచుకోవడం దేనికంకుల్?"

"మస్ట్ షౌట్ ఫస్ట్ లా," అన్నాడాయన, నేనేదో తప్పు మాట అన్నట్టు. తన సగం ఇంగ్లీషులో ఆయన చెప్పింది ఇది: వాడు తప్పుకుంటే తప్పుకోనీ. అరవకుండా వేసినవాడు గెలిచినా, వాడితో ఒక బల్ల దగ్గర కూర్చుని ఎవడూ అన్నం తినడు.

చెప్పి ఊరుకోలేదు. ఖాళీ పాలడబ్బా ఒకటి టీవీ మీద పెట్టి, బొటనవేలితో పుచ్చగింజ మీటాడు. ప్రతి గింజకీ ముందు "ఖాన్ ప్యావ్!" అని అరుపు. పదింటిలో తొమ్మిది సోఫా కిందకి పోయేవి. అయినా అరవడం మాత్రం మానలేదు.

ఆఫీసులో నా పక్క కుర్చీ అనంతపురం అక్కది. అక్కంటే తోడబుట్టింది కాదు. నాకన్నా ఆరేళ్ళు పెద్ద, పనిలో నాకు గురువు. భర్త అప్పటికింకా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఏడేళ్ళ కూతుర్ని ఆ ఏడే బడిలో వేశారు. ముగ్గురూ ఈ దేశంలో ఉంటున్నది ఆమె ఉద్యోగం ఇచ్చిన పాస్ మీద. పని పోతే పాస్ పోతుంది, పాస్ పోతే నెలలోపు ఇంటిల్లిపాదీ సామాను సర్దుకోవాలి. నేను వంట చేతకానివాణ్ణని ఆమెకి తెలుసు. రోజూ తన డబ్బాతో పాటు నాకొక డబ్బా తెచ్చేది.

ఒక సోమవారం మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నెలాఖరుకి అక్క ఉద్యోగం తీసేస్తున్నారు. ఈలోగా ఆమె ప్రోగ్రాములన్నీ నేను నేర్చుకోవాలి. ఎందుకో ఆమెకి తెలియకూడదు. "నీ పాస్ రెన్యూవల్ కాగితం కూడా నా బల్ల మీదే ఉంది," అని చివర్లో మామూలుగా అన్నాడు.

మా ఇంట్లో నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు. జన్మకి ఒక్కసారి నానింది.

"అక్కా, నాకు మీ పని నేర్పండి, ఆసక్తిగా ఉంది," అన్నాను. ఆమె ఎంత సంతోషపడిందో! తన నోటుబుక్కు నా ముందు పెట్టింది. ఎక్కడ తప్పులు దొర్లుతాయో, ఏ ఫైలు ముట్టుకుంటే ఏది కూలుతుందో విడమరిచి చెప్పింది. నేను రాసుకున్నాను. మధ్యాహ్నం ఆమె పెట్టిన పప్పన్నం తిని మళ్ళీ రాసుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని ఊరికే అన్నారా పెద్దలు? నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లెక్కపెట్టాను.

రెండో వారం, గురువారం. క్యాంటీన్‌లో ఆమె డబ్బా మూత తీస్తూ అడిగింది.

"తమ్ముడూ, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక కంపెనీవోళ్ళు పనికి రమ్మంటాండారు. రేపటికల్లా చెప్పాలంట. అంత దూరం యాడ పోయేదిలే అనిపిస్తాంది. పాప బడి ఈడనే కదా. ఈడ అంతా బాగానే ఉండాది గదా? నీకేమన్నా తెలుసునా?"

ఇంతకన్నా సూటిగా ఎవరూ అడగలేరు. వెళ్ళిపోండక్కా అంటే చాలు. ఒక్క మాట. నాకు మేనేజర్ బల్ల గుర్తొచ్చింది. ఆమె దగ్గర నేను నేర్చుకోవలసిన ఫైళ్ళు ఇంకా మూడున్నాయి, అదీ గుర్తొచ్చింది. భయపడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, భయం తప్ప ఇంకో కారణం లేదు.

"ఏమీ లేదక్కా. ఇక్కడే ఉండండి. మీరు లేకపోతే ఈ ప్రోగ్రాములు ఎవరు చూస్తారు?"

ఆమె నవ్వి, నా డబ్బాలో ఇంకో చెంచా పప్పు వేసింది. శుక్రవారం చాంగీ వాళ్ళకి రానని చెప్పేసింది.

తర్వాతి బుధవారం పొద్దున్నే ఆమెని గదిలోకి పిలిచారు. అరగంటలో అట్టపెట్టెతో బయటికొచ్చింది. చాంగీ వాళ్ళకి ఫోన్ చేస్తే వేరేవాళ్ళని తీసేసుకున్నామన్నారు. పెట్టె నేనే మోసి బస్టాప్ దాకా వెళ్ళాను. ఆమె కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఒక మాట చెప్తా విను తమ్ముడూ. వీళ్ళు ముందు చెప్పరు. నాకు చెప్పినారా? నువ్వు ఇప్పుడే వేరే తావు చూసుకో. నీకు ఎవురూ చెప్పకపోయినా నేను చెప్తాండా."

అప్పుడైనా నోరు విప్పొచ్చు. బస్సు వచ్చింది. పెట్టె లోపల పెట్టి దిగాను.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం విమానానికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఒకసారి వచ్చి పొమ్మని ఆమె ఫోన్ చేసింది. పని ఉందన్నాను. నా పాస్ అప్పటికే రెన్యూ అయింది. ఇన్నేళ్ళలో అది ఎన్నిసార్లు రెన్యూ అయిందో, ప్రతిసారీ ఆ కాగితం అందుకోవడం అంటే నాకు అసహ్యం. చెయ్యి కడుక్కున్నా పోయేది కాదది.

ఆ ఆదివారం గదిలో ఉండలేక హాల్లోకి వచ్చాను. అంకుల్ టీవీ మీద పాలడబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. "ఖాన్ ప్యావ్!" అని డబ్బాని హెచ్చరించి గింజ మీటాడు. అది గురి తప్పి నా కాళ్ళ దగ్గర పడింది. నన్ను చూసి నవ్వి, బల్ల దగ్గర ఇంకో కుర్చీ లాగాడు. ఆంటీ నూడుల్స్ చేసి వెళ్ళింది, వేడిగా ఉన్నాయి, వచ్చి కూర్చో అన్నాడు.

"తినేశానంకుల్," అన్నాను. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు.