కోసిన సాలగ్రామం

గూడూరులో విలేకరిగా ఉన్న రోజుల్లో, రాళ్లలో మిగిలిపోయిన ప్రాచీన సముద్రజీవుల చుట్టల గుల్లలు సేకరించేవాణ్ని. పక్కింటి రంగమ్మక్క పూజలో ఉంచుకునే సాలగ్రామం కూడా అలాంటిదేనని, ఒకసారి చూసిస్తానని తెచ్చుకున్నాను. లోపలి చుట్ట చూడాలన్న ఆత్రంతో, ఆమెకు చెప్పకుండా రాళ్లు కోసే షాపులో రెండుగా కోయించాను.

మర్నాడే ఆమె పరుగున వచ్చింది. "నాయనా, సాలగ్రామం ఇయ్యి. మీ బావకి ఆఖరి తీర్థం పోయాల."

తలవంచుకుని రెండు ముక్కలూ చేతిలో పెట్టాను. ఆమె కోసిన అంచును వేలితో తడిమింది.

"కోసినదాని మీద నీళ్లు పోస్తే తీర్థం అవతాదా, నాయనా?"

"అవుతుందక్కా" అన్నాను. నిజానికి నాకు తెలియదు.

ఆమె వెనకే వాళ్లింటికి వెళ్లాను. బావ మంచం పక్కన ముక్కలు రెండూ కలిపి పట్టుకుని ఆమె నీళ్లు పోసింది. ఆ తీర్థం నోటికి అందేలోపే ఆయన పోయారు.

పెద్దకర్మ రోజున నన్నూ భోజనానికి పిలిచి, దగ్గరుండి వడ్డించింది. ఒక్క మాట తిట్టి ఉంటే ఆ అన్నం గొంతు దిగేది.