నాయన చెట్టు కింద పెట్టిన కుండ

పందొమ్మిది వందల యాభై ఆరు, మే నెల రెండో సోమవారం, ఉదయం ఎనిమిదింబావు. ఆదోనిలో నూనె మిల్లు కూత ఎనిమిదికి వేసింది. ఆ కూత వినగానే, మిల్లులో చేరకుండా చెట్లెక్కి తిరిగే మగవాళ్ళ గురించి మా అమ్మ రోజూ మొదలుపెట్టే ప్రసంగం సగానికి వచ్చింది. సరిగ్గా అప్పుడు పత్తి సావుకారు ఇంటి జీతగాడు వచ్చి, పెరట్లో చింతచెట్టు తీసేయాలంట రమ్మని నాయనను పిలిచాడు. నాకు అప్పుడు పదకొండో ఏడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా ఇంటి పక్క వేపచెట్టు తీయించడానికి మా మనవరాలు ఫోనులో ఫోటో పంపితే పది నిమిషాల్లో ముగ్గురు మూడు రేట్లు పంపారు. చెట్టు దగ్గరికి ఒక్కరూ రాలేదు. అందరికన్నా తక్కువ చెప్పినవాడికి ఖాయం చేసేసి, "అయిపోయిందవ్వా" అంది పిల్ల. చెట్టు కింద ఏముందో అడిగాడా అన్నాను. చెట్టు కింద ఏముంటుంది అంది.

మా నాయన పని ఇళ్ళ మధ్య చెట్లు కొట్టడం. చేలో చెట్టును గొడ్డలి ఉన్నవాడెవడైనా కొడతాడు, అది ఎటు పడినా నేలే. ఇళ్ళ మధ్య చెట్టు వేరు. నాయన ముందు చెట్టు చుట్టూ తిరిగేవాడు. తెలియనివాళ్ళు మొక్కుతున్నాడనుకునేవాళ్ళు గానీ ఆయన కళ్ళు చెట్టు మీద ఉండేవి కావు, దాని కింద ఏ గోడ ఉంది, ఏ కప్పు ఉంది అని చూసుకునేవి. తరువాత పై కొమ్మ నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కదాన్ని మోకుతో కట్టి, కోసి, నిద్రపోయే పిల్లను ఉయ్యాలలో వేసినట్టు మెల్లగా కిందికి దించేవాడు. పని మొదలుపెట్టే ముందు, ఎక్కడ దెబ్బ పడే ప్రమాదం ఎక్కువో అక్కడ ఒక కుండ నిండా నీళ్ళు పోసి పెట్టేవాడు. కుండ పగిలితే కూలి ఇవ్వనక్కరలేదు, అదీ ఆయన మాట. ఆ కుండ మా అమ్మ వంటింటి కుండే కాబట్టి, నాయనకు పని ఉన్న రోజుల్లో మా ఇంట్లో నీళ్ళకు కటకటగా ఉండేది.

సావుకారు చింతచెట్టు వంటింటి వైపు బాగా ఒరిగి ఉంది. దాని కింద వంటింటి రేకులు, కొత్తగా కట్టించిన స్నానాల గది, పక్కింటివాళ్ళ గోడ. వచ్చే వారం కూతురి పెళ్ళి, పందిరికి స్థలం కావాలి. నాయన మూడు సార్లు చుట్టి వచ్చి ఇరవై ఎనిమిది రూపాయలన్నాడు. చెట్టు కొట్టడానికి ఎనిమిది, కింద ఉన్నవి పగలకుండా దించడానికి ఇరవై, నలుగురు మనుషులు, మూడు రోజులు.

"ఏమప్పా, చెట్టుకు రేటు అడిగితే నా ఇంటికి రేటు సెప్తాండావే!" అన్నాడు సావుకారు.

"చెట్టు పడేది ఇంటి మీదే కద సావుకారూ," అన్నాడు నాయన.

ఇక్కడ మా మామ గురించి చెప్పాలి. అమ్మకు సొంత తమ్ముడు, ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. నూలు దొరక్క మగ్గం ఆగినప్పుడు, బావ చేసే పనేగా, ఇందులో ఏముంది అనుకుని ఒక పెద్ద రంపం కొని, ఉగాది దాటినప్పటి నుంచి ఆదోనిలోనే తిరుగుతూ నాయన చెప్పిన రేటులో సగానికి తక్కువ చెప్పి ఐదు చెట్లు తన్నుకుపోయాడు. పైగా రాత్రికి మా ఇంట్లోనే భోజనం. సోమవారం సాయంత్రానికే సావుకారు చెట్టు పది రూపాయలకు మాట్లాడుకుని వచ్చి సంగటి ముద్ద ముందు కూర్చున్నాడు.

"బావా, నువ్వు చెట్టు చుట్టూ ప్రదక్షిణం ముగించే లోపల నేను దాన్ని కొట్టేసి, ఈడికొచ్చి, రెండో ముద్ద కూడా తింటా!"

నాయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "వాడు పదికి కొడతాండాడు. నువ్వు ఇరవై ఎనిమిది అంటాండావు. ఈ చెట్టూ పోయె. వచ్చే సోమవారం కూతకు నువ్వు మిల్లు గేటు కాడ ఉండాల, అంతే," అంది.

పై కొమ్మల గాలికి అలవాటుపడిన నాయనకు ఆ రేకుల షెడ్డు, ఆ శనక్కాయ పొట్టు దుమ్ము తలుచుకుంటేనే ఊపిరి ఆడేది కాదు. కానీ అమ్మ మాట అంటే మాటే.

గురువారం పదకొండు గంటలకు వీధి వీధంతా చెట్టు పడేది చూడడానికి చేరింది. అదే మేలైంది, వంటింట్లో ఎవరూ మిగల్లేదు. మామ చెట్టుకు మోకు కట్టి, మొదలు రంపంతో కోసి, తనతో మగ్గాలు ఆడించిన ఆరుగురి చేత ఖాళీ స్థలం వైపు లాగించాడు. చెట్టు ఆ ఆరుగురినీ లెక్కచేయలేదు. మోకుతో సహా వాళ్ళను నాలుగు బారలు ఈడ్చి, తనకు ఇష్టమైన వైపే పడింది. రేకుల చప్పుడు కోట కొండ దాకా వినిపించిందని తరువాత చెప్పుకున్నారు. దుమ్ము తగ్గాక చూస్తే స్నానాల గదిలో రాగి హండా ఒక్కటే నిలబడి ఉంది, చుట్టూ గది లేదు. మామ కూడా లేడు.

మామ మా ఇంట్లో బొగ్గు బస్తాల వెనక ఉన్నాడు. అమ్మ అతనికి మజ్జిగ ఇస్తూ తిడుతూ, తిడుతూ మజ్జిగ ఇస్తూ ఉండగా సావుకారే స్వయంగా వచ్చి గడపలో నిలబడ్డాడు. "ఏమైనా అడుగప్పా. పెండ్లి పెట్టుకోని వంటింట్లో మాను పండుకోనుంది," అన్నాడు. అమ్మ తలుపు చాటు నుంచి నాయనకు ఐదు వేళ్ళు చూపించింది. యాభై అని అర్థం. అర్థం కాలేదేమోనని రెండో చెయ్యి పిడికిలి బిగించి సున్నా కూడా చూపించింది.

నాయన వెళ్ళి, పడిన చెట్టు చుట్టూ కూడా మూడు సార్లు తిరిగాడు. తిరిగి ఎనిమిది రూపాయలన్నాడు.

ఎనిమిదేనా అని సావుకారు రెండు సార్లు అడిగాడు. "ఇంక కింద పగిలేదేముంది సావుకారూ, ఆ ఇరవై దేనికి?" అన్నాడు నాయన.

శనివారం సాయంత్రం నాలుగింటికి పని ముగించి ఎనిమిది రూపాయలూ, అలవాటు కొద్దీ అక్కడ పెట్టిన, చెక్కు చెదరని కుండా తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ ఆ రూపాయలను చూసింది, నాయనను చూసింది, కుండ ఎత్తి వాకిట్లో వేసి కొట్టింది. బొగ్గు బస్తాల వెనక నుంచి మామ కిసుక్కున నవ్వాడు. అదే అతను చేసిన తప్పు. సోమవారం ఎనిమిది గంటల కూతకు మిల్లు గేటు కాడ ఉన్నది నాయన కాదు, మామ. అమ్మే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి అప్పగించి వచ్చింది. నాయనను మళ్ళీ మిల్లు మాట అడగలేదు. పత్తి మార్కెట్టులో సావుకారు ఎనిమిది రూపాయల కథ ఎదురైనవాడికల్లా చెప్పాక, నాయన రేటుకు బేరమాడినవాళ్ళు తక్కువ.

మొన్న వేపచెట్టు కొట్టేవాడు యంత్రంతో వచ్చినప్పుడు నేను ఒక ప్లాస్టిక్ బిందె నిండా నీళ్ళు పోసి చెట్టు కింద పెట్టాను. అడ్డంగా ఉందని ఆ అబ్బాయి దాన్ని తీసి పక్కన పెట్టి పని మొదలుపెట్టాడు. మర్యాదగానే పెట్టాడు. చెట్టు చుట్టూ తిరగడానికి ఇప్పుడు ఎవరికీ తీరిక లేదు, తిరిగినదానికి డబ్బు ఇచ్చేవాళ్ళూ లేరు.

ఆ వారం పోయినవి ఇవి. సావుకారుకు రేకులు తొమ్మిది, స్నానాల గది ఒకటి, పెళ్ళికి పెట్టిన ఆవకాయ జాడీలు రెండు. పక్కింటివాళ్ళకు గోడ. మామకు మాను కింద నలిగిన రంపం, రావలసిన పది రూపాయలు. నాయనకు, అడిగి ఉంటే వచ్చేవి నలభై రెండు. కుండలు, చెట్టు కింద పగిలినవి లేవు. అమ్మ చేతిలో, ఒకటి.