ద్రవ్యోల్బణం మీద ప్రార్థన

ఎలీసబెతమ్మ సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థనను చిటికెలో ముగించేశారు. ఆసిఫాబాద్ మీద మబ్బు కమ్ముకొచ్చింది, అందరి చూపూ ఆకాశం మీదే ఉంది, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. అయినా కరీంనగర్ నుంచి బస్సు మారి బస్సెక్కి వచ్చిన నూరీన్‌కు ఒళ్ళు మండింది. అదే ఎలీసబెతమ్మ ప్రార్థన చేసి ఉంటే, పెట్టె మోసిన వాళ్ళను పేరుపేరునా తలుచుకునేది. గొయ్యి తవ్విన వాళ్ళనూ, వాళ్ళ నడుం నొప్పులనూ, దారిలో పంక్చరైన వ్యాన్‌నూ దేవుడికి అప్పజెప్పేది. వాన మొదలైనా ఆగేది కాదు. వానను కూడా ప్రార్థనలో కలుపుకొనేది.

నూరీన్ ఆమెను మొదట చూసింది హాస్టల్ గదిలో. పెద్దపల్లి రోడ్డు మీద, వరిపొలాల నడుమ కట్టిన కాథలిక్ విశ్వవిద్యాలయం అది. బీఏలో చేరిన రోజు నూరీన్ తన గది తలుపు తోసేసరికి, నలభై దాటిన మనిషి ఒకామె మంచం మీద కూర్చుని మురుకుల డబ్బా మూతతో కుస్తీ పడుతోంది. ఎవరి తల్లో దిగబెట్టడానికి వచ్చిందనుకుని నూరీన్, "మీ బిడ్డ యాడికి పోయింది?" అని అడిగింది.

"నేనే బిడ్డను," అంది ఆమె. "కూసో. గీ మూత తియ్యి, ఇద్దరం తిందాం."

ఆసిఫాబాద్‌లో మెథడిస్టు సంఘం నడిపే ఆడపిల్లల హాస్టల్‌లో ఎలీసబెతమ్మ ఆయా. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన మనిషి. అక్కడి వార్డెనమ్మ దిగిపోయే రోజులు దగ్గరపడుతుంటే కమిటీవాళ్ళు, "డిగ్రీ తెచ్చుకో, వార్డెన్ పని నీదే" అన్నారు. ఊరికే అన్నారో, వదిలించుకోవడానికి అన్నారో గానీ, ఆమె మాత్రం మరుసటి వారమే ట్రంకుపెట్టె సర్దేసింది.

నూరీన్ ఆమెను ఖాలా అని పిలవడం మొదలుపెట్టింది. వాళ్ళింట్లో తల్లి చెల్లెలిని అలాగే పిలుస్తారు. కొద్దిరోజుల్లో క్లాసంతా ఖాలా అనే పిలవసాగింది, సిస్టర్లతో సహా.

అక్కడ ప్రతి క్లాసూ చిన్న ప్రార్థనతో మొదలవుతుంది. లేచి నిలబడి, ఒక విద్యార్థి రెండు వాక్యాలు చెప్పి, ఇష్టమున్నవాళ్ళు సిలువ గుర్తు వేసుకొని కూర్చోవాలి. ఎలీసబెతమ్మ వంతు వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది. మెథడిస్టు ప్రార్థనకు రాసిపెట్టిన మాటలుండవు, మనసులో ఎంతుంటే అంత. ఆమె మనసులో చాలా ఉంది. అర్థశాస్త్రం చెప్పే ఫాదర్ ఇన్నయ్యతో మొదలుపెట్టి, ఆయన మోకాలి నొప్పి, మెస్‌లో పప్పు పలచబడటం, సెమిస్టరు ఫీజు కట్టని పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల పత్తిచేలు, పత్తికి పట్టిన పురుగు దాకా వెళ్ళింది. పిల్లలు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారారు. చివరికి ఆమెన్ అని ఆమె కళ్ళు తెరిచేటప్పటికి గంట కొట్టారు.

ఆ దెబ్బతో ఆమెకు క్లాసులో ఎక్కడలేని గిరాకీ వచ్చింది. స్లిప్ టెస్టు ఉన్న రోజు వెనక బెంచీవాళ్ళు వచ్చి బతిమాలేవాళ్ళు. "ఖాలా, ఇయ్యాల నువ్వే చెయ్యి. జర పంట బీమా గురించి గూడ అడుగు."

ఫాదర్ ఇన్నయ్య ఆమెను వరండాలోకి పిలిచారు. "అమ్మా, క్లాసులో ప్రార్థన ఒక్క మంగళవార్త జపం కంటే పొడుగు ఉండొద్దు."

"మా మెథడిస్టులకు గా జపం లేదు ఫాదర్. దాని పొడుగు నాకెట్ల ఎరుకైతది?"

"పొట్టిగ ఉంటది."

"దేవునికి గంత తొందరేంది?"

"దేవునికి లేదమ్మా. సిలబస్‌కున్నది."

ఇంతటి వాగ్ధాటి ఉన్న మనిషి, కళ్ళు తెరిచి నలుగురి ముందు నిలబడితే కొయ్యబొమ్మ. ఆ సంగతి ఆఖరి సెమిస్టరులో బయటపడింది. సెమినారు ఇద్దరిద్దరు కలిసి చెప్పాలి, సగం ఒకరు, సగం ఒకరు. ఒకరు నోరు తెరవకపోతే ఇద్దరూ తప్పినట్టే. నూరీన్‌కు, ఎలీసబెతమ్మకు వచ్చిన అంశం ద్రవ్యోల్బణం. ముందుగా పెట్టిన రిహార్సల్‌లో నూరీన్ తన సగం గడగడా చెప్పేసింది. ఎలీసబెతమ్మ లేచింది, క్లాసును చూసింది, సీసాడు నీళ్ళు తాగింది, కూర్చుంది.

"ఏమైంది ఖాలా? చర్చిల గంటసేపు మాట్లాడుతవట గద!" అంది నూరీన్, గదికొచ్చాక.

"గాడ కండ్లు మూసుకుంట బిడ్డా. నేను, దేవుడు, ఇద్దరమే. దేవుడు మార్కులేస్తడా?"

నూరీన్ దిండ్లను వరసగా గోడకు ఆనించి, అవే క్లాసనుకోమంది. ఎలీసబెతమ్మ దిండ్లకు ద్రవ్యోల్బణాన్ని చక్కగా విప్పి చెప్పింది. సంతోషం పట్టలేక నూరీన్ చప్పట్లు కొట్టింది.

"దిండ్లకు కండ్లు లేవు గదనే," అంది ఆమె దిగులుగా. "నాతోని నువ్వు గూడ ఆగమైతవు. ఫాదర్‌ను అడిగి వేరేటోళ్ళతోని జత కలువు."

"నేను కలువ. వార్డెనైతె నాకు ఫ్రీగ రూమిస్తనన్నవు, మర్శిపోయినవా?"

సెమినారు నాడు హైదరాబాద్ నుంచి కైలాసం సారు అనే పరీక్షకుడు వచ్చారు. నెమ్మదైన మనిషి, కాథలిక్ పద్ధతులు కొత్త. ఎక్కడ లేవాలో, ఎక్కడ కూర్చోవాలో ఫాదర్ ఇన్నయ్యను చూసి నేర్చుకుంటున్నారు. నూరీన్ తన సగం ముగించింది. ఎలీసబెతమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె పెదవులు ఎండిపోవడం నూరీన్‌కు కనిపిస్తూనే ఉంది. వార్డెన్ కుర్చీ, మూడేళ్ళ చదువు, అన్నీ ఆ పెదవుల మీదే ఆగి ఉన్నాయి.

"ఫాదర్," అంది చివరికి, "చిన్న ప్రార్థనతోని మొదలుపెడ్త."

"చిన్నది," అన్నారు ఫాదర్.

అందరూ లేచారు. కైలాసం సారూ లేచి చేతులు జోడించారు. ఎలీసబెతమ్మ కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, నీ దాసురాలికి ధైర్యము దయచేయుము. నీకు తెలియనిది ఏదియు లేదు. సరుకు కొంచెమై, దాని వెంట పరుగెత్తు డబ్బు విస్తారమైనప్పుడు ధరలు పెరుగునని నీవెరుగుదువు..."

నూరీన్ ఒక కన్ను తెరిచింది.

"...గిరాకీ వలన ఒక విధముగాను, ఖర్చుల వలన మరియొక విధముగాను ద్రవ్యోల్బణము కలుగుచున్నది తండ్రీ. రిజర్వు బ్యాంకును జ్ఞాపకము చేసుకొనుము. అది రెపో రేటు పెంచునప్పుడు దానికి తోడైయుండుము. వడ్డీ పెరుగగా జనులు అప్పులు తగ్గించుకొందురు, అప్పులు తగ్గగా గిరాకీ తగ్గును, స్తోత్రము..."

ఫాదర్ ఇన్నయ్య గడియారం చూసుకున్నారు. మంగళవార్త జపం ఎప్పుడో దాటిపోయింది. ఆపుదామా అంటే ప్రార్థన. వదిలేద్దామా అంటే సెమినారు. పక్కనుంచి కైలాసం సారు గుసగుసగా అడిగారు. "ఫాదర్, నాకో ప్రశ్న ఉంది. మధ్యలో అడిగితే దోషమా?"

"ఆమె కండ్లు తెరిస్తే ఇగ మాట రాదు సార్," అని ఫాదర్ ఒక్క క్షణం ఆలోచించారు. ఆ తర్వాత ఆయనా కళ్ళు మూసుకొని గొంతెత్తారు. "ప్రభువా, ధరలు పెరిగినప్పుడు నష్టపోవువారు ఎవరో, మా సహోదరి నీ సన్నిధిలో తెలియజేయునట్లు కృప చూపుము."

నూరీన్ రెండో కన్ను కూడా తెరిచింది.

"నెల జీతగాండ్రు, ప్రభువా," అంది ఎలీసబెతమ్మ. "ముఖ్యముగా హాస్టల్ ఆయాలు. బియ్యము ధర పెరిగినను వారి జీతము పెరుగదని నీకు తెలియును, మా కమిటీకి తెలియదు. అప్పు ఇచ్చినవారును నష్టపోవుదురు, పుచ్చుకొన్నవారు బాగుపడుదురు."

"ఆమెన్!" అన్నారు వెనక బెంచీవాళ్ళు, మనస్ఫూర్తిగా.

కైలాసం సారుకు ఉత్సాహం వచ్చింది. "భగవంతుడా..." అని మొదలుపెట్టి, "ఇట్లనే అడగాలి గదా ఫాదర్?" అని ఆగి, ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు. రెంటికీ జవాబులు వచ్చాయి. ఆయన మార్కులు వేసి, కాగితం ఫాదర్ వైపు జరిపి, హమ్మయ్య అని కూర్చున్నారు.

"వార్డెనమ్మా," అన్నారు ఫాదర్ ఇన్నయ్య, "కండ్లు తెరువు. ఇద్దరూ పాసైండ్రు."

ఎలీసబెతమ్మ కళ్ళు తెరిచింది. అందరూ తనవైపే చూస్తున్నారు. కృతజ్ఞత చెప్పాలని నోరు తెరిచింది. ఏమీ రాలేదు. నీళ్ళ సీసా కోసం చూసింది, అది ఖాళీ. చివరికి నిస్సహాయంగా రెండు చేతులూ జోడించింది.

క్లాసంతటికీ అర్థమైపోయింది. కైలాసం సారు నిట్టూరుస్తూ మళ్ళీ లేచారు. ఫాదర్ ఇన్నయ్య గడియారం విప్పి జేబులో వేసుకున్నారు. మెస్‌లోంచి అన్నం వాసన వస్తోంది.

"ప్రభువా," అని మొదలుపెట్టింది ఎలీసబెతమ్మ, "హైదరాబాదు నుండి ఎండలో వచ్చిన కైలాసం సారును..."

పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. నూరీన్ కళ్ళు మూసుకుని, తన పేరు ఎప్పుడొస్తుందా అని వింటూ నిలబడింది.