పురిటికొచ్చిన కొంగలు

చెరువు సగం ఎండినప్పుడు ఒక వాసన వస్తుంది. పాచి వాసన, చచ్చిన చేప వాసన, వాటి మీద కొంగల రెట్ట వాసన. మొన్న మా మనవడు కారులో ఒక పక్షుల రక్షణ కేంద్రానికి తీసుకెళ్తే అక్కడికి వచ్చిన వాళ్లంతా ముక్కులు మూసుకున్నారు, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఆ ఊరి జనమే అటవీ శాఖ వాళ్లతో కలిసి ఆ చెరువును చూసుకుంటున్నారట. గేటు దగ్గర టికెట్లు ఇచ్చే ఆమె, "మా కొంగల జోలికి ఎవురన్నా వస్తే ఊరు ఊరంతా లేస్తాది" అని ఎంత ధీమాగా చెప్పిందో. నాకు తలెత్తి ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు. అదే మాట, అదే ధీమాతో, మా నాయన నోట విన్నదాన్ని.

ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో పక్కకు తిరిగితే మా ఊరు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, కానీ మాకు కర్నూలైనా కాశీ అయినా ఒకటే దూరం. మాకు తెలిసిన పట్నం నంద్యాల. దసరా దాటి, జొన్నచేలు మోకాటెత్తు లేచి, పొద్దున్నే జేజి, అంటే మా నాయనమ్మ, రాజేసిన పొయ్యి ముందు నుంచి లేవబుద్ధి కాని చలి మొదలయ్యేసరికి, చెరువు నిండి నల్లతుమ్మల మొదళ్లు మునిగేవి, ఆ తుమ్మల మీదికి పెద్దకొంగలు దిగేవి. పసుపుపచ్చ ముక్కు, ఎర్రటి కాళ్లు, తోక మీద ఎవరో గులాల్ చల్లినట్టు లేత రంగు. గూటి కోసం మొదటి పుల్ల చెట్టెక్కిన రోజు ఊళ్లో ఆడవాళ్లు బియ్యం నానబెట్టి, దంచి, బెల్లంతో చలిమిడి చేసి, నువ్వులుండలు కట్టి, పసుపు కుంకుమ పళ్లెంలో పెట్టుకుని చెరువుకట్ట మీదికి పోయేవాళ్లు. కడుపుతో ఉన్న ఆడబిడ్డ పుట్టింటికి వస్తే ఏమేం చేస్తారో అవన్నీ కొంగలకూ చేసేవాళ్లు. చలిమిడి తినేది మాత్రం మేమే, కొంగలకు దాని రుచి తెలియదు పాపం.

ఆ రోజు నుంచి ఊరు గొంతు తగ్గించుకునేది. పెళ్లి ఊరేగింపు కట్ట మీదికి వచ్చిందంటే మేళం ఆగిపోవాల్సిందే. టపాకాయలు కాల్చాలంటే ఊరవతల గుట్ట దాకా నడవాలి, ఆ నడకకే మా సరదా సగం తీరిపోయేది. తుమ్మకాయలు ఎంత కాసినా మేకల్ని అటు తోలేవాళ్లు కాదు. గూటి నుంచి పిల్ల జారి పడితే మా ఆడపిల్లల గుంపు దాన్ని తెచ్చి గంప కింద పెట్టి, చేపలు పట్టేవాళ్లు ఇచ్చిన చిన్న చేపపరకలు నోట్లో కుక్కేవాళ్లం. అది తిన్నంత తిని చివరికి మా చేతి మీదే కక్కేది. ఆ కంపు కుంకుడుకాయలకు కూడా లొంగేది కాదు. జేజి ఆ వారమంతా మమ్మల్ని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు.

అన్నిటికంటే పెద్ద కట్టుబాటు తూము దగ్గర ఉండేది. గట్టులో ఒక పొడవాటి రాయికి పసుపు పూసి, పురిటిరాయి అనేవాళ్లు. నీళ్లు ఆ రాయి దాకా దిగితే తూము మూసేయాలి, పైరు ఏ దశలో ఉన్నా సరే, కొంగపిల్లలు ఎగిరిపోయేదాకా తెరవకూడదు. తుమ్మల కింద నీళ్లు నిలిచి ఉంటేనే నక్క రాదు, కుక్క రాదు, అడవిపిల్లి రాదు. కొంగలేమీ ఊరికే ఉండిపోయేవి కావు, వాటి రెట్ట కలిసిన నీళ్లు పారిన మళ్లకు ఎరువు తోలే పని ఉండేది కాదు. ఇచ్చిపుచ్చుకునే చుట్టరికం అది.

ఆ చెరువుకు పెద్ద మా నాయన. తూముకు మొట్టమొదటి మడి కూడా మాదే. ఒకసారి జీపులో తుపాకులతో వేటగాళ్లు వస్తే, నాయన తువ్వాలు భుజాన వేసుకుని ఒక్కడే జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. "మా ఊరి ఆడబిడ్డలు కాన్పుకొచ్చినారు. ఆడబిడ్డల మీదికి తుపాకీ ఎత్తుతారా మీరు? ఎత్తేటట్లయితే చెప్పండి, ఊరిని పిలుస్తా" అన్నాడు. జీపు వెనక్కి తిరిగింది. కొన్నాళ్లపాటు నేను బడిలో నేల మీద నడిచినట్టు గుర్తు లేదు.

ఆ తర్వాతి ఏడే నాగత్త కాన్పుకు వచ్చింది. నాగత్త మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు, నంద్యాలలో ఇచ్చాం. మా తాత పోయేనాటికి ఆమె చంటిబిడ్డ. నాయనే ఎత్తుకుని పెంచాడు. అంతకుముందు ఒక కాన్పు అత్తగారింట్లో జరిగి బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి నాయన బండి కట్టుకుని పోయి తనే తెచ్చుకున్నాడు. కొంగలకూ ఆమెకూ ఒకే పళ్లెంలో చలిమిడి పెట్టారు. తూర్పు గదిలో నులకమంచం వేసి, సున్నం కొట్టించి, నాయన రోజూ ఏదో ఒకటి తెచ్చేవాడు, రేగిపండ్లని ఒకరోజు, చెరకని ఒకరోజు. అత్త సాయంత్రాలు నా చెయ్యి పట్టుకుని కట్ట మీదికి నడిచేది. "సూడు, వాళ్లవి ముందైనాయి, నాదే ఆలస్యం" అని గూళ్ల వైపు చూపించి నవ్వేది.

ఆ ఏడు కార్తీకంలో చినుకు పడలేదు. వరి వెన్ను తీసి పాలు పోసుకునే వేళకు నీళ్లు పురిటిరాయికి దిగాయి. ఊరంతా కట్ట మీద కూర్చుంది. అందరి మనసులో ఉన్నది ఒకటే, అనడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి నాయనే అన్నాడు: "ఒక్క తడి ఇడుస్తాం. ఒక్క తడికి ఏమైతాది?" ఊరు ఊపిరి పీల్చుకుంది. రాయికి టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, తప్పు చేయకముందే తప్పు చెల్లించుకుని తూము ఎత్తారు. దేవుడితో అంత ముందుచూపుగా బేరం చేసిన ఊరు ఇంకోటి ఉంటుందని నేను అనుకోను.

ఒక్క తడి మా మడికి సరిపోయింది. అప్పుడు కింది మళ్ల వాళ్లు వచ్చారు. "నీ మడి తడిసె, మాది ఎండాల్నాప్పా?" అన్నారు. మొదటి మడి తడుపుకున్నవాడు తూము ఎట్లా మూయమంటాడు? చివరి మడి తడిసేదాకా తూము తెరిచే ఉంది. తుమ్మల కింద బురద తేలింది.

ఆ తర్వాత చూసింది చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది. పట్టపగలు ఊరకుక్కలూ నక్కలూ బురదలో తిరిగాయి. వంగిన కొమ్మల మీది గూళ్లను అడవిపిల్లులు ఖాళీ చేశాయి. పెద్దకొంగలు పైన తిరిగి తిరిగి, ఒక పొద్దున మొత్తంగా లేచిపోయాయి. పై కొమ్మల్లో మిగిలిన పిల్లలు నోళ్లు తెరుచుకుని అట్లాగే ఉన్నాయి. అత్త కట్ట మీద నా పక్కనే నిలబడి అదంతా చూసింది. ఇంటికొచ్చి మూట కట్టుకుంది.

"యాడికి పోతాండావే నెలలు నిండినదానివి?" అని జేజి అడ్డం పడింది. నాయన పరుగున వచ్చాడు. "ఊరంతా అడిగినారు పాపా, నేనొక్కన్నే చేసింది కాదు" అన్నాడు.

"ఊరు అడిగింటాది. అన్నది నీ నోరే గదన్నా" అంది అత్త. కోపంగా కూడా అనలేదు. "కాన్పుకొచ్చినోళ్ల కింద నీళ్లు తీసిన ఇంట్లో నేను కననన్నా. నాకు భయమైతాంది."

మా బండి ఎక్కనంది. జట్కా తోలే దస్తగిరి మామను పిలిపించింది. అతను కళ్లెం పట్టుకుని అటు ఆమెనూ ఇటు నాయననూ చూశాడు. జేజి పసుపు కుంకుమ పళ్లెం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పుట్టింటి నుంచి పోయే ఆడబిడ్డ దాన్ని కాదనకూడదు. అత్త పళ్లేనికి దండం పెట్టి, బొట్టు పెట్టించుకోకుండానే జట్కా ఎక్కింది. వీధి వీధంతా చూస్తూ ఉండగా నాయన తువ్వాలు చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

ఆ ఏడు వడ్లు బాగా పండాయి. పండకపోయి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదేమో. గాదె నింపుకున్నాం, ఉగాదికి ఆ బియ్యంతోనే పాయసం చేసుకున్నాం, నాయన తప్ప అందరం తిన్నాం. ఆయన ఆ ఏడంతా జొన్నసంగటే పెట్టించుకున్నాడు. నంద్యాలలో అత్తకు ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. నాయన చీర పట్టుకుని చూడబోయాడు. అత్త చీర తీసుకుంది, అన్నం పెట్టింది, అన్నా అన్నా అంటూ మాట్లాడింది, ఊరికి రమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపింది.

తర్వాతి ఏడు నీళ్లు రాయికి ఎంతో పైన ఉండగానే నాయన తూము మూయించాడు. మా మడే మొదట ఎండింది. కొంగలు కొన్ని వచ్చి, తుమ్మల చుట్టూ తిరిగి, పుల్ల పెట్టకుండానే పోయాయి. ఆ పై ఏడు జీపు మళ్లీ వచ్చింది. తుపాకీ చప్పుడు వినగానే నాయన లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, వాకిలి దాకా పోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అడ్డుపడడానికి చట్టం ఏదైనా ఉందో లేదో మాకు తెలియదు. మాకున్నదల్లా ఒక నోరు, దాన్ని మేమే పోగొట్టుకున్నాం.

ఇప్పుడు ఆ చెరువులో సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేదు. బోర్లు వచ్చాక తూముతో ఎవరికీ పని లేదు, పురిటిరాయి ఎక్కడుందంటే చూపించేవాళ్లు లేరు. చలిమిడి దంచే రోళ్లు పోయాయి, నాయన పోయాడు, అత్త కూడా పోయింది. అత్త కూతురు, నాకు మరదలు, నంద్యాలలో మా వెనక వీధిలోనే ఉంటుంది, ఆమెకూ మనవలున్నారు. పక్షుల కేంద్రం నుంచి వచ్చాక ఆమెకు అక్కడి కబుర్లు చెబుతుంటే, "వదినా, మా అమ్మ పుట్టినూరు ఒక్కసారి చూపియ్యి. యాడుందో గూడా నాకు తెల్దు" అంది.

ఎండలు తగ్గనీ అన్నాను. వానలు పడితే దారంతా బురద అని కూడా అన్నాను.

ఆమె నవ్వింది. "మా అమ్మ గూడా అచ్చం ఇట్లనే చెప్తాండె వదినా. ఎండ అనేది, బురద అనేది. మీ నాయన గురించి అడిగితే మాత్రం, మా అన్నంత మంచోడు ఆ ఊళ్లోనే లేడు అనేది."

నేను కాఫీ కలపడానికని లేచి లోపలికి వెళ్లాను.