వెర్న్ కాల్డర్‌ని కాల్చడానికి పదిహేను డాలర్లు

ముందే చెప్పేస్తున్నాను, తిరిగొచ్చి పది రోజులైనా నా కోపం దిగలేదు. పాత కౌబాయ్ సీరియళ్ళు తీసిన సెట్టింగులు చూడాలని యూటా వెళ్ళేవాళ్ళు ఇది చదివి వెళ్ళండి. మేం మాత్రం సెట్టింగుల కోసం వెళ్ళలేదు, వెర్న్ కాల్డర్ కోసం వెళ్ళాం. ఆ పేరు మీరు విని ఉండరు. యాభై ఏళ్ళ కిందట ఎముకల డాక్టరుగా ట్రైనింగ్‌కని గుంటూరు నుంచి డెట్రాయిట్ వచ్చినప్పుడు నా ఇంగ్లీషు నర్సులకి అర్థమయ్యేది కాదు, వాళ్ళది నాకూ అంతే. సాయంత్రాలు టీవీలో ఆ సీరియళ్ళ పాత ఎపిసోడ్లు చూసి నేర్చుకున్నాను. హీరో ఎప్పుడూ పళ్ళ సందునుంచి గొణిగేవాడు. విలన్ పక్కనుండే వెర్న్‌కి ఎపిసోడ్‌కి నాలుగే డైలాగులు కాబట్టి ఒక్కో మాటా ఒలిచిపెట్టినట్టు పలికేవాడు. ఆ వెంటనే హీరో కాల్చేవాడు, ఈయన చచ్చేవాడు. ఇంకో సీరియల్లో ఇంకో పేరుతో మళ్ళీ చచ్చేవాడు. ఇరవై ఏళ్ళు ఆయన చేసిన ఉద్యోగం అదే. ఎనభై ఆరేళ్ళ వెర్న్ యూటాలోని ఆ సెట్టింగుల దగ్గర అభిమానులను కలుస్తున్నాడని వెబ్‌సైట్‌లో చూసి, ఆ రోజే ఫ్లైట్ బుక్ చేశాను.

డెట్రాయిట్ నుంచి లాస్ వేగస్‌కి నాలుగున్నర గంటలు, మనిషికి మూడు వందల చిల్లర. మర్నాడు పొద్దున ఆరింటికి రెంటల్ కార్‌లో బయల్దేరి, ఐ-15 హైవే మీద సెయింట్ జార్జ్ ఊరు దాటి తూర్పుకి తిరిగాం. మూడున్నర గంటల డ్రైవ్. యూటా గడియారం గంట ముందుంటుంది కాబట్టి చేరేసరికి అక్కడ పదిన్నర. ఎర్రకొండల ఫొటోలన్నీ మా ఆవిడ లలిత తీసింది. నా ధ్యాసంతా బ్యాగ్‌లో ఉన్న జరీ శాలువా మీదే.

"ఈ ఎండలో పెద్దాయనకి శాలువా ఏంటండీ? ఉడికించేస్తారా?" అంది లలిత.

"పెద్దవాళ్ళ దగ్గరికి ఉత్తచేతులతో వెళ్తామా?" అన్నాను.

గేటు టికెట్ పన్నెండు డాలర్లు. పదకొండింటికి మైకులో కేక వినపడింది: "లెజెండ్‌ని మీరే కాల్చండి! పదిహేను డాలర్లు, షోకి ఒక్కరికే ఛాన్స్!" నిక్కరేసుకున్న ఒకాయన బొమ్మ తుపాకీ పేల్చాడు. వెర్న్ ఎడమ మడమ మీద గిర్రున తిరిగి రంపపు పొట్టులో పడ్డాడు. జనం వీడియో తీసుకుని ఐస్‌క్రీమ్ కౌంటర్‌కి నడిచారు. ఆయన ఇంకా నేలమీదే ఉన్నాడు. పక్కకి దొర్లి, మోచెయ్యి ఆనించి, కంచె పట్టుకుని లేచాడు. నలభై ఏళ్ళు తుంటి ఆపరేషన్లు చేసినవాణ్ణి, ఆ కుడి తుంటి సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. ఒళ్ళు మండిపోయింది.

తిన్నగా మేనేజర్ మీదికి వెళ్ళాను. "సర్, ఆయన ఇష్టపడే సంతకం పెట్టాడు" అన్నాడతను.

"సంతకం ఎముకని అతికిస్తుందా?"

"రెండింటికి ఇంకో షో ఉంది. సీనియర్లకి రెండు డాలర్లు తగ్గిస్తాం."

అప్పుడు నా నోటినుంచి వచ్చింది స్వచ్ఛమైన గుంటూరు తెలుగు. ఇక్కడ రాయను.

వెర్న్ సెట్టింగులోని సారాకొట్టు వెనక బెంచీ మీద నీళ్ళు తాగుతున్నాడు. శాలువా కప్పి, నా ఇంగ్లీషు కథ చెప్పాను. పగలబడి నవ్వాడు. శాలువాని నాలుగు మడతలేసి కుడి తుంటి దగ్గర బెల్టు కింద దోపుకుని, "మెత్తగా ఉంది డాక్, థాంక్స్" అన్నాడు.

"ఈ పడటం మానెయ్యండి. ఈసారి విరిగితే ఇక నడవలేరు."

"నా మొహం ఎవరికీ గుర్తులేదు డాక్. పడితేనే గుర్తుపడతారు."

నేను వింటేగా! రెండింటి షోలో కాల్చే టికెట్ నేనే కొన్నాను. కొన్న నేను కాల్చకపోతే ఆయన పడక్కర్లేదు కదా అని నా తెలివి. తుపాకీ చేత్తో పట్టుకుని ఊరికే నిలబడ్డాను. వెర్న్ ఎదురుగా కాళ్ళు ఎడం చేసి చూస్తున్నాడు. జనంలో ఈలలు మొదలయ్యాయి. ఎవడో "ఎవరికి ముందు నిద్రొస్తుందో చూద్దాం" అన్నాడు, అందరూ నవ్వారు. వెర్న్ మొహం ఎర్రబడింది.

"డాక్," అన్నాడు, ఆ పాత పద్ధతిలోనే, ఒక్కో మాటా విడివిడిగా. "నా పని నన్ను చెయ్యనియ్యి."

"కాల్చండి! అందరి ముందూ ఆయన పరువు తీస్తారా?" అంది వెనకనుంచి లలిత.

కాల్చాను.

పొద్దుటికంటే బాగా పడ్డాడు. లేపుదామని పరిగెత్తితే, పెదవి కదపకుండా "ఇంకా అవలేదు" అన్నాడు. జనం కదిలిపోయారు. లలిత మాత్రం ఆయన తనంతట తను లేచి టోపీ అంచు ముట్టుకునేదాకా ఒక్కతే చప్పట్లు కొడుతూనే ఉంది.

ఆ మైకు మీద, కింద ఒక పరుపైనా వెయ్యని ఆ మేనేజర్ మీద నాకు ఇప్పటికీ మంటే. వాళ్ళకి రాసిన ఉత్తరం నాలుగు పేజీలైంది, జవాబు లేదు. అంతకంటే ఎక్కువ మంట నా మీదే. నాకు మాట నేర్పిన మనిషి ఒక మాట చెబితే వినిపించుకోలేదు. ఎముక గురించే ఆలోచించాను, మనిషిని అడగలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒకటే సలహా. ఆయన పడగానే ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోకండి. లేవడానికి ఆయనకి రెండు నిమిషాలు పడుతుంది. అందాకా చప్పట్లు ఆపకండి.